విప్పని యుత్తరములు



వియ్యమునకైనను కయ్యమునకైనను సమత యుండవలెనని పెద్దలందురు. ఆ సమత సిరియందా, శీలమందా యను ప్రశ్న మాత్రము ప్రతి తరమునను మన గడపలలో లేచుచునే యున్నది. ఈ మాసము ఆంగ్ల కవయిత్రి యొకతె చరిత్రను స్మరింతము.

ఎలిజబెత్ బారెట్టు 1806లో జన్మించెను. జమైకా ద్వీపపు చెఱకుతోటల వలన వచ్చిన ధనము ఆమె తండ్రిది. ఆమె చిరకాలము రోగపీడితయై, లండనులోని యింట గ్రంథములే చెలులుగా నుండెను. 1845 జనవరిలో రాబర్టు బ్రౌనింగు అను కవి ఆమె కవిత్వమును మెచ్చి జాబు వ్రాసెను. అతడు తలిదండ్రుల పోషణలో నున్నవాడు. ఆమెకంటె ఆఱేండ్లు చిన్నవాడు. జాబులు పెరిగి యనురాగమైనవి. తండ్రియో, తన సంతతిలో నెవ్వరి వివాహమునకును సమ్మతింపనివాడు. సోదరులు రాబర్టును ధనాశాపరుడని తలచిరి. 1846 సెప్టెంబరు 12వ తేదీని వారిరువురు రహస్యముగా పెండ్లాడి, వారము దినములకు ఇటలీకి పయనమైరి.

తండ్రి క్షమింపలేదు. ఆమె వ్రాసిన యుత్తరములను విప్పకయే త్రిప్పి పంపెను. 1849లో మనుమడు పుట్టినను మనసు కరుగక, 1857లో అట్లే కన్నుమూసెను. ధనాశాపరుడనిపించుకొన్న యల్లుడో, 1861లో ఫ్లారెన్సు నగరమున ఆమె ప్రాణములు విడుచువఱకు కంటికి ఱెప్పవలె కాచెను. పిదప మఱి పెండ్లాడలేదు.

మన సావిత్రి రాజ్యము గోలుపోయిన యంధుని కుమారుని వరించినది. అశ్వపతి యతని యల్పాయువునకు వెఱచెనే కాని పేదఱికమునకు కాదు. తుదకు కూతు నిశ్చయమెఱిగి తానే వివాహము చేసెను.

కన్యలారా! ఎలిజబెత్తునకు బంధువుల వలన వచ్చిన స్వంత ధనము కొంత యుండుట ఆ సంసారమునకు గొప్ప యాధారమైనది. హిందూ కుటుంబపు ఉమ్మడి యాస్తిలో ఆంధ్రప్రదేశ్ శాసనము 1985 నుండి అవివాహితలైన కూతులకును, 2005 నాటి సవరణము దేశమందలి కూతులకును కొడుకులతో సమానముగ హక్కు నొసగినవి. మీ హక్కు నెఱిగియుండుడు. మీ సొమ్మును వలచినవా డెవడో, మిమ్ము వలచినవా డెవడో తొందరపడక కనిపెట్టుడు.

తల్లులారా! వరుని మడిమాన్యములు లెక్కించుట తప్పు కాదు. కాని యతని నడవడిని, వ్యసనములను, కష్టించు గుణమును ముందు విచారింపుడు. కలిమిలేములు కావడికుండలు. ఒకవేళ మీ మాట కాదని కూతురు గడప దాటినను, ఆమె వ్రాసిన జాబును విప్పి చదువుడు.