పాతయింటి మరమ్మతు – పన్నులో తగ్గింపు

క్రొత్తయిల్లు కట్టించుట యొక యెత్తు, పాతయింటిని బాగుచేయించుట మఱియొక యెత్తు. గోడ పగులగొట్టినగాని లోపలి చెమ్మ తెలియదు. చెమ్మ తెలిసినగాని ఖర్చు తెలియదు. బెల్జియము దేశమున నిట్టి మరమ్మతులకు పన్ను తగ్గింపు గలదు. బ్రస్సెల్సు, ల్యూవెన్ మొదలగు పట్టణములలో మన తెలుగు కుటుంబములును కాపురము లుండుటచే నీ మాసము ఆ సంగతి వ్రాయుచున్నాము. అచ్చట నొకదాని నొకటి యానుకొనియున్న పాత యిటుకయిండ్లు పెక్కులు. ముందుగది, నడిమిగది, వెనుకగది వరుసగా నుండును. నడిమిగదికి వెలుతురు తక్కువ. అట్టి యిల్లు కొన్నవారికి మరమ్మతు తప్పదు.

ఆ దేశమున సామాన్యముగా వ్యాటు పన్ను నూటికి 21 వంతున పడును. మొదట కాపురము ప్రారంభమై 10 సంవత్సరములు గడచిన నివాసగృహమునకు మరమ్మతు చేయించినచో నూటికి 6 మాత్రమే. 20,000 యూరోల పనికి 4,200 యూరోలు కట్టవలసినచోట 1,200 కట్టిన చాలును. మిగిలిన 3,000తో నొకగదికి నేల వేయించుకొనవచ్చును. 2016 ఫిబ్రవరికి పూర్వము 5 ఏండ్ల యింటికే యీ తగ్గింపు లభించెడిది. పిమ్మట గడువు పెంచిరి. ఏండ్లు లెక్కించుటలో నెల చూడరు, సంవత్సరమే చూతురు: 2016లో ఏ నెలయందు కాపురము మొదలైనను 2026 జనవరినుండి తగ్గింపు వర్తించును. ఇల్లు స్వంతమే కానక్కఱలేదు. అద్దెకుండువారు చేయించుకొన్న పనికిని నిది చెల్లును.

అయితే సామగ్రిని మేస్త్రీయే తెచ్చి, తానే అమర్చి, తన బిల్లులో వేయవలయును. ఇచ్చటనే మన గృహిణుల పొదుపు బెడిసికొట్టును. నేలపలకలు అంగడిలో చౌకగా దొరికెనని తామే కొని తెచ్చి, కూలి మాత్రము మేస్త్రీకిచ్చుదురు. అంగడివాడు నూటికి 21 తీసికొనును. తగ్గింపు కూలికే దక్కును. కావున పలక ధరను మాత్రమే పోల్చక, పన్నుతో గలిపి రెండు లెక్కలు వేసి చూడవలయును.

వంటయింటి విషయమున నీ భేదము మిక్కిలి సూక్ష్మము. గోడకు బిగించిన బీరువాలు, గిన్నెలు కడుగు తొట్టి, పొగగొట్టము – వీనిని మేస్త్రీ యమర్చినచో నూటికి 6. పొయ్యి, శీతలపేటిక, గిన్నెలు కడుగు యంత్రము మాత్రము నూటికి 21. ఒకే బిల్లులో రెండు రేట్లు కనబడినచో మోసమని యనుకొనరాదు. తోట, ప్రహరీ, ఈతకొలను వీనికి తగ్గింపు లేదు; గృహశిల్పి రుసుమునకును లేదు. ఇల్లు వెచ్చచేయు యంత్రముల విషయమున నొక మార్పు వచ్చినది: 2025 జూలై 29 నుండి గ్యాసుతోను చమురుతోను నడచు బాయిలర్లను పాతయింట బిగించినను నూటికి 21 పడును. గాలినుండి వేడిమిని గ్రహించు పంపులకు మాత్రము తగ్గింపు నిలిచియున్నది.

పూర్వ మీ తగ్గింపు కావలెనన్న ప్రభుత్వమువారు నమోదుచేసిన కంత్రాటుదారునిచేతనే పని చేయించవలసి యుండెడిది. పన్నులును, కూలీల భద్రతానిధికి చెల్లింపులును ఎగవేసి మాయమగు దళారులను అరికట్టుటకు 1978లో ఆ నమోదు పద్ధతి నేర్పరచిరి. ఐరోపా న్యాయస్థానము 2006లో ఆ పద్ధతిలోని యొక భాగమును తప్పుపట్టెను. 2012 సెప్టెంబరు 1న నమోదు పూర్తిగా రద్దయ్యెను. నేటికిని “నమోదైన మేస్త్రీ” యన్నమాట వాడుకలో నున్నది. ఇప్పుడు చూడవలసినది వ్యాటు సంఖ్య. ప్రభుత్వపు సంస్థల జాబితాలో దాని నెవరైనను వెదకి చూచుకొనవచ్చును. బిల్లు లేకుండ తక్కువకు చేసెదనని వచ్చు వానితో బేరము వలదని మా గట్టి యభిప్రాయము. కప్పు కారిన దినమున వానిని నిలదీయుటకు చేతిలో కాగితము ముక్కయైనను ఉండదు.

బిల్లును భర్తకు వదలివేయు సోదరీమణులు దాని యడుగుభాగము నొక్కసారి తప్పక చదువవలయును. 2022కు పూర్వము యజమాని వేరుగా నొక ధ్రువపత్రము వ్రాసి యిచ్చెడివాడు. ఇప్పుడు బిల్లుమీదనే యొక వాక్యము అచ్చువేయుదురు: ఇల్లు 10 ఏండ్లు దాటినదనియు, పనియైన పిమ్మట ముఖ్యముగా నివాసమునకే వాడుదురనియు, పని చేయించుకొన్నవారే తుది వినియోగదారులనియు. బిల్లు చేతికి వచ్చిన నెలలోగా వ్రాతమూలకముగా కాదనకున్నచో, ఒప్పుకొన్నట్లే లెక్క. అందులో నొకటి తప్పైనచో మిగిలిన పన్ను, వడ్డీ, జరిమానా యింటివారిపై బడును, మేస్త్రీపై గాదు. కావున బిల్లు వచ్చిన తేదీ దానిమీదనే వ్రాసికొని, ఇంటి వయస్సు తెలుపు పాత పత్రములను దానికి జతపఱచి దాచుకొనవలయును.