ముక్కును కొలిచారు, మనిషిని చూడలేదు

నజరేతు పేరు వినగానే నతనయేలు పెదవి విరిచాడు. అలాంటి ఊళ్లో మంచి ఎలా పుడుతుందన్నది అతని సందేహం. ఫిలిప్పు వాదనకు దిగలేదు. వచ్చి చూడమన్నాడంతే (యోహాను 1:46). మనిషిని చూడకముందే పుట్టుకను బట్టి తీర్పు చెప్పడం అంత పాత జబ్బు!

ఆ జబ్బుకు ఒకప్పుడు శాస్త్రమనే ముద్ర కూడా పడింది. బ్రిటిష్ అధికారి హెర్బర్ట్ రిస్లీ ముక్కుల పొడవు, వెడల్పు కొలిచి కులాల హెచ్చుతగ్గులు తేల్చబోయాడు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కూడా తలలు, ముక్కులు కొలిచాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలు వెలువరించాడు. నేరం కూడా కులవృత్తిలాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుందన్న నమ్మకం అప్పటికే 1871లో నేరస్థ తెగల చట్టమైంది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఏ తప్పూ చేయని ఎరుకల కుటుంబాలు కూడా పోలీసు రిజిస్టర్లకెక్కాయి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారాన్నీ ఆ చట్టం ఇచ్చింది.

బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా వెలసిన సెటిల్‌మెంటే. దాని నిర్వహణను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఆ మిషనరీలు పని చూపించారు, చదువు చెప్పారు. అది నిజం. హాజరుపట్టీ పట్టుకున్నదీ వారే. అదీ నిజం. ప్రేమతో వెళ్లినవారు కూడా లోకం వేసిన ముద్రను ప్రశ్నించకపోతే కాపరులు కాస్తా కాపలాదారులవుతారు.

విచిత్రమేమిటంటే, అదే 1911లో అమెరికాలో ఫ్రాంజ్ బోయస్ అనే శాస్త్రవేత్త వలస వచ్చినవారి పిల్లల తలలు కొలిచి, పరిసరాలు మారితే తల ఆకారమే మారుతుందని చూపించాడు. అంటే, జాతికి చెరగని గుర్తుగా భావించిన కొలతే నిలకడ లేనిదని తేలింది. మానవులందరిదీ ఒకే మూలమని పౌలు ఏథెన్సు పండితుల ముందు ఏనాడో ప్రకటించాడు (అపొ.కా. 17:26).

ఆ చట్టం 1952లో రద్దయింది. మరి మన మనసుల్లోని రిజిస్టరు? బల్ల దగ్గర ఒకే రొట్టె తిని, పెళ్లి సంబంధం దగ్గరకొచ్చేసరికి 'వాళ్లెవరు?' అని ఆరా తీయడం లేదా? ఆరాధనకు కొత్తగా వచ్చినవారి ఇంటిపేరు వినగానే మన ముఖం మారడం లేదా?

తన ఊరిని చిన్నచూపు చూసిన నతనయేలులో యేసు తప్పు వెదకలేదు. కపటం లేని మనసును చూశాడు. దేవుడు చూసేది హృదయాన్నే (1 సమూ. 16:7). ఆయన బిడ్డలమైన మన చేతుల్లో ఇంకా ఆ కొలబద్ద ఎందుకు?