సోమరితనమను అపనింద

పని చేయదలచినవానికి పని దొరకకపోవునా యని అరుగులమీదను, పత్రికలలోను తఱచుగా వినవచ్చు మాట, నిరుద్యోగమునకు మూలము నిరుద్యోగి స్వభావముననే కలదని తీర్మానించి, తక్కిన సంఘమును బాధ్యతనుండి విముక్తము చేయుచున్నది. ఇది కార్యమును కారణముగా భ్రమించుట యని నా నిశ్చితాభిప్రాయము.

ఆస్ట్రియా దేశమున వియన్నా నగరమునకు అనతిదూరమున మారియెంతాల్ అను గ్రామము కలదు. అచ్చటి బట్టలమిల్లు 1929 వేసవి మొదలు ఒక్కొక్క విభాగముగా మూతపడి, 1930 ఫిబ్రవరి నాటికి పూర్తిగా నిలిచిపోగా, 478 కుటుంబములుగల ఆ యూర ఇంచుమించు నాలుగింట మూడువంతుల యిండ్లలో ఉద్యోగస్థుడే లేకపోయెను. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అను పరిశోధకులు ఆ జనుల దినచర్యను నిశితముగా పరిశీలించి 1933లో గ్రంథముగా ప్రకటించిరి. తీరిక పెరిగినచో పఠనమును పెరుగవలెను గదా! రుసుము తీసివేసినను, అచ్చటి గ్రంథాలయమున పుస్తకములు తీసికొనుట రెండేండ్లలో దాదాపు సగమునకు పడిపోయెను. పత్రికల చందాలు తగ్గెను. సంఘముల కార్యకలాపములు సన్నగిల్లెను. పురుషులు వీథిలో మాటిమాటికి నిలిచిపోవుచు, ఉదయమునుండి ఏమి చేసితిరని యడిగిన స్పష్టముగా చెప్పజాలకుండిరి. అదే దారిద్ర్యమును, అదే పస్తును అనుభవించుచున్నను, ఇంటిపని తప్పని స్త్రీలు మాత్రము వారికంటె వడిగా నడచుచుండిరి. ఈ యొక్క విషయము చాలును: నిన్నటివరకు మిల్లుకూతకు లేచి పరుగెత్తినవారి కాళ్లను మందగింపజేసినది పనిలేమియే. పనిలేనివారు తిరుగబడుదురని భయపడువారును పొరబడుచున్నారు. అచ్చట పెరిగినది నిరాశ.

మన నేలయు ఈ నింద నంగీకరింపదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఉపాధిహామీ పథకము ప్రారంభమైన పిమ్మట, సేద్యము లేని మండుటెండల నెలలలో పలుగు పార చేతబట్టి చెఱువుల పూడిక తీయవచ్చిన లక్షలాది జనులు, అందు సగమునకు మించిన స్త్రీలు, సోమరులా?

చదువుకొన్న యువకుని దుఃఖము వేఱు. నోటిఫికేషన్ కొఱకు ఏండ్ల తరబడి గదిలో చదువుచు, తండ్రి పంపు డబ్బు తినుటకు సిగ్గుపడుచు, తనకంటె చిన్నవాని పెండ్లికి సైతము పోక మానుకొనును, అచ్చట ప్రతి బంధువును “ఏం చేస్తున్నావు బాబూ?” అని యడుగును గనుక. ఆ ప్రశ్న అతని తప్పును ముందే నిర్ణయించి వేయుచున్నది.

పాఠకులారా, ఇకమీదట అతనిని అట్లడుగకుడు; ఖాళీలను ఏండ్లకొలది నింపక విడిచిన పాలకులను అడుగుడు.