పొట్టకి రెండో కోత ఎవరి కోసం?

మొన్న శనివారం కొలీగ్ వాళ్ళ పాప పుట్టినరోజుకి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక పెద్దావిడ మా ఆవిడ పొట్ట వంక చూసి, "ఏమ్మా, మళ్ళీ విశేషమా?" అంది. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. మా బాబుకి పద్నాలుగు నెలలు. ఆ రాత్రి చూస్తే లాప్‌టాప్‌లో "మమ్మీ మేకోవర్" ప్యాకేజీ పేజీ తెరిచి ఉంది. ఈఎమ్ఐ సౌకర్యం కూడా ఉందట! అప్పట్నించీ నాకు ఒళ్ళు మండుతోంది. ఆ మంటే ఈ టపా.

"సిజేరియన్ అయితే పొట్ట వస్తుంది" అని మనవాళ్ళ సిద్ధాంతం. అది సగమే నిజం. నెలలు నిండేకొద్దీ పొట్ట మధ్యలో నిలువుగా ఉండే రెండు కండరాలు పక్కలకి జరుగుతాయి. నార్మల్ డెలివరీ అయినా జరుగుతాయి. చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ దగ్గరకొస్తాయి, కొందరికి రావు. దాని పేరు డయాస్టాసిస్ రెక్టై. సిజేరియన్ వల్ల అదనంగా వచ్చేది కుట్ల గీత. అది లోపలికి అతుక్కుంటే దాని పైన చర్మం మడత పడుతుంది.

ఇక ఆప్షన్లు. లైపోసక్షన్ కొవ్వు మాత్రమే లాగుతుంది, విడిపోయిన కండరాలని ఏమీ చెయ్యదు. మినీ టమ్మీ టక్ ముఖ్యంగా బొడ్డు కింద చర్మానికి. పూర్తి టమ్మీ టక్ అంటే దాదాపు ఈ తుంటి నించి ఆ తుంటి దాకా కోసి, కండరాలు దగ్గరికి కుట్టి, ఎక్కువైన చర్మం తీసేసి, బొడ్డుకి కొత్త చోటు చూపించడం. చర్మం కింద నీరు చేరొచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, కాళ్ళలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి ఎక్కొచ్చు. కొన్ని వారాల పాటు బరువులెత్తకూడదు. అంటే చంటిపిల్లాడినీ ఎత్తుకోకూడదు! తర్వాత మళ్ళీ గర్భం వస్తే చేసిన పనంతా వదులైపోవచ్చు. అందం కోసమైతే మామూలుగా ఇన్సూరెన్సూ రాదు. ఆ పేజీలో ఇవన్నీ ఎక్కడున్నాయంటారా? అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఆపరేషన్ తప్పని నేననట్లేదు. కండరాలు కలవక నడుము నొప్పితో బాధపడేవాళ్ళున్నారు. కుట్ల దగ్గర హెర్నియా వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళకది సోకు కాదు, వైద్యం. నా గొడవల్లా రిక్వైర్‌మెంట్ ఎవరు రాశారని.

లెక్కలు చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తమ్మీద 21.5. మా బాబుదీ సిజేరియనే. గుండె చప్పుడు పడిపోతోందన్నారు, వణుకుతూ సంతకం పెట్టాను. అది అవసరం. కానీ పక్క రాష్ట్రాల ఆడవాళ్ళకి లేని అవసరం మనవాళ్ళకే ఇంత ఎక్కడిదండీ? ముహూర్తం చూసి కోయించేదీ మనమే, తర్వాత పొట్ట చూసి వెక్కిరించేదీ మనమే. మొదటి కోత మన సౌకర్యానికి, రెండోది మన కళ్ళకి!

"ఆవిడ ఒళ్ళు, ఆవిడ డబ్బు, నీకెందుకు?" అంటారేమో. నిజమే, నిర్ణయం ఆవిడదే. కానీ నలుగురూ ఏడాది పాటు పొడిస్తే వచ్చిన కోరికని సొంత కోరిక అందామా?

ఇవన్నీ మా ఆవిడ ముందు ఆవేశంగా ఏకరువు పెట్టాను. అంతా విని, "ఏడాదిగా ఫోన్ నిండా బాబు ఫోటోలే. నన్ను ఒక్కటన్నా తీశావా?" అంది. వెతికాను. నాలుగున్నాయి. నాలుగింట్లోనూ మెడ పైనించే. పొట్ట కనపడకుండా ఫ్రేము పెట్టింది నేనే. ఆ పెద్దావిడ నోటితో అన్నది నేను కెమెరాతో అన్నానన్నమాట.

వచ్చే వారం ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరకి వెళ్తున్నాం, కండరాల మధ్య ఎడం ఎంతుందో చూపించుకోవడానికి. తర్వాత సర్జన్‌ని కలుస్తానన్నా సరే, లీవు పెట్టి పిల్లాణ్ణి నేను ఎత్తుకుంటా.

అన్నట్టు, నాకూ పొట్టుంది. కాన్పు లేదు, కుట్లు లేవు, పన్నెండేళ్ళ కుర్చీ, అర్ధరాత్రి బిర్యానీలు అంతే. ఇప్పటిదాకా ఎవరూ "విశేషమా?" అనడగలేదు. మిమ్మల్ని అడిగారా?