వేసే చేతులు నాలుగు, ఎత్తే చేతులు రెండు

మా బాబు తొమ్మిదో పుట్టినరోజుకి మావారు రెండడుగుల అక్వేరియం కొనుక్కొచ్చారు. "నేనే కడుగుతా, నేనే మేత వేస్తా, నువ్వు ముట్టుకోనక్కర్లేదమ్మా" అని వాడు దేవుడి ముందు ఒట్టేశాడు. ఆ ఒట్టు ఎన్నాళ్ళు నిలిచిందో పిల్లలున్న మీకు చెప్పనక్కర్లేదు. మేత వేయడానికి మాత్రం ఇంటిల్లిపాదీ రెడీ. నీళ్ళు మార్చడానికి నేనొక్కదాన్నే.

మూడో నెలలో ఇసుక మీద నీలం కలిసిన ఆకుపచ్చ పొర కనిపించింది. నాచేలే అనుకున్నాను. వారం తిరిగేసరికి రాళ్ళ మీదా, మొక్కల ఆకుల మీదా తడి వెల్వెట్ గుడ్డ పరిచినట్టు అయిపోయింది. వేలితో అంటే చాలు, జిగురుగా, పాల మీద మీగడలా పొర మొత్తం ఊడొచ్చేది. మూత తీస్తే బురద వాసన. చుట్టాలొస్తే అది కనబడకుండా అడ్డంగా నిలబడి మాట్లాడేదాన్ని. ఆదివారం తీసేస్తే బుధవారానికి మళ్ళీ ప్రత్యక్షం.

మావారు చేపల షాపుకి వెళ్ళి ఒక మందు పట్టుకొచ్చారు. మూడ్రోజుల్లో మాయమైపోతుందన్నాట్ట షాపతను. ఏం మందని చూస్తే, ఎరిత్రోమైసిన్. మనుషులకి డాక్టర్లు రాసే యాంటీబయాటిక్ అది! చేపల తొట్టికి అదెందుకా అని ఆ రాత్రి కూచుని చదివాను.

దీన్ని నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ, ఇది నాచే కాదట. సయనోబాక్టీరియా అనే ఒక రకం బాక్టీరియా. మొక్కల్లాగే వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటుంది. 200 కోట్ల సంవత్సరాలకి పూర్వం భూమ్మీద గాలిలోకి ఆక్సిజన్ చేర్చింది దీని పూర్వీకులే. బలానికని మనం మింగే స్పిరులినా బిళ్ళలు కూడా ఈ కుటుంబమే. ఊళ్ళో ఉన్న నాన్నకి ఫోన్ చేసి చెబితే పడీపడీ నవ్వారు. "వరి మడిలో చల్లుతామే, అదేనమ్మా! గాలిలో నత్రజని పట్టి పైరుకిస్తుంది. మేం డబ్బులిచ్చి తెచ్చుకుంటాం, నువ్వు హాల్లో ఊరికే పండిస్తున్నావు" అన్నారు.

బాక్టీరియా కాబట్టి ఆ మందుకి చస్తుంది, నిజమే. కానీ ఫిల్టర్లో చేపల వ్యర్థాన్ని శుభ్రం చేసే మంచి బాక్టీరియా కూడా ఉంటుంది. దానికీ దెబ్బ తగలొచ్చు. పైగా మందు కలిసిన ఆ నీళ్ళు చివరికి పోయేది కాలవలోకే. అలా అలవాటు పడే కదా సూక్ష్మజీవులు మందులకి లొంగకుండా తయారవుతున్నాయి! అసలు కారణం అలాగే ఉంటే మందేసినా మళ్ళీ వస్తుంది. జలుబు చేయగానే మందుల షాపుకెళ్ళి యాంటీబయాటిక్ కొనేసే అలవాటు మనుషుల్లోనే మానలేకపోతున్నాం, చేపలకి కూడా ఎందుకు?

కారణం ఏమిటా అని ఒకరోజు కాపు కాశాను. బడికెళ్తూ వీడు చిటికెడు. ఆఫీసుకెళ్తూ ఆయన చిటికెడు. అత్తయ్యగారు రోజులో మూడుసార్లు. నేను కూడా, కాదనను, కాఫీ తాగుతూ నాలుగు గింజలు. తినగా మిగిలిందంతా అడుగున కుళ్ళుతోంది. ఒక మూల నీళ్ళసలు కదలవు. లైటు పొద్దున్నుంచి రాత్రి పదకొండు దాకా వెలుగుతూనే ఉంటుంది. ఇక రాకేం చేస్తుంది?

ఆ విసుగులో నోరు జారాను. "మీరే వాటిని చంపేస్తున్నారు అత్తయ్యా" అన్నాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు. మేత డబ్బా గూట్లో పెట్టి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రాత్రి భోజనానికి ఆకలి లేదన్నారు. మామయ్యగారు పోయాక ఆవిడ చేతి ముద్ద కోసం ఎదురుచూసేవి ఆ చేపలే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ అన్నాను.

మర్నాడు క్షమించమని అడిగి, ఆ డబ్బా ఆవిడ చేతికే ఇచ్చాను. "రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. ఇంకెవరడిగినా ఇవ్వకండి" అన్నాను.

తర్వాత నలుగురం కలిసి పని మొదలుపెట్టాం. సన్న పైపుతో పొరనంతా లాగేసి, మూడోవంతు నీళ్ళు మార్చాం. లైటు ఆపేసి, పాత దుప్పట్లు కప్పేసి నాలుగు రోజులు చీకటి చేశాం. మేత లేదు. గాలి పంపు మాత్రం ఆపలేదు. దుప్పటెత్తి చూడబోయిన మనవడి చేతి మీద నాయనమ్మే ఒకటేశారు. ఐదో రోజు తీస్తే చేపలన్నీ క్షేమం, పొర చచ్చి తునకలైంది. ఆ చచ్చింది కుళ్ళితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కనక, వెంటనే లాగేసి మళ్ళీ నీళ్ళు మార్చాం. ఫిల్టర్ స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్ళతో కాకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాం. ఫిల్టర్ మూతిని ఆ కదలని మూలకి తిప్పాం.

ఇప్పుడు లైటు ఏడు గంటలే, ఆ బాధ్యత మావారిది. ఆదివారం పైపూ బకెట్టూ బాబువి. నెల తర్వాత ఒక మూల రూపాయి బిళ్ళంత పొర మళ్ళీ కనిపించింది. ముందు చూసిందీ, తీసిందీ వాడే.

నాకనిపించేదొక్కటే. మన ఇళ్ళల్లో ప్రేమంటే తినిపించడమే అయిపోయింది. వేసే చెయ్యి అందరిదీ, ఎత్తే చెయ్యి ఒక్క అమ్మదీ. కడగడం కూడా ప్రేమేనని పిల్లలకి మనం చెప్పకపోతే ఇంకెవరు చెప్తారు? ఆ పని కూడా పంచండి. పంచేటప్పుడు, నాలా మాత్రం నోరు జారకండి.

మొన్న మా ఆడపడుచు వచ్చి డబ్బా తీయబోతే అత్తయ్యగారు చటుక్కున లాక్కున్నారు. "పొద్దున్నే తిన్నాయి. అంత ప్రేమగా ఉంటే ఆదివారం రా, నీళ్ళు మారుద్దువుగాని" అన్నారు.