కౌలుకిచ్చినవాడు అర్జీదారు కారాదు

గోదావరి జిల్లాలలో పొలము కౌలుకిచ్చుట ఒక శాస్త్రము. దాళ్వా కోతలు ముగిసి, కళ్లములు ఖాళీయై, కాలువలు కట్టివేసిన వేసవి దినములలో సామర్లకోట పరిసరముల ఏ గ్రామమున కేగినను, రావిచెట్టు క్రింది అరుగుమీద ఆ శాస్త్రచర్చ వినవచ్చును. ఎకరమునకు మక్తా ఎన్ని బస్తాలు, ఆ బస్తాలు సార్వాకు మాత్రమేనా దాళ్వాకు కూడనా, బోదెలో పూడిక తీయు ఖర్చు ఎవరిది, గట్టుమీది కొబ్బరిచెట్ల ఫలసాయము ఎవరికి చెందును, తుపానుకు చేను పడిపోయినచో తగ్గింపు ఎంత, గడువు తీరిన పిదప పొలమును ఏ స్థితిలో అప్పగింపవలెను అను ప్రశ్నలన్నింటికిని సమాధానములు కుదిరిన తరువాతగాని ఆసామి తన రెండెకరముల చెక్కను పరుని చేతికి ఒప్పగింపడు. అంతటి నేర్పరి, తన పొలములో గ్యాసుబావి త్రవ్వుటకో గొట్టము వేయుటకో మనుష్యులు జీపు దిగి వచ్చిన దినమున మాత్రము, ఆ విద్యనంతటిని మరచి, చేతులు కట్టుకొని నిలుచుండి, చూపిన చోటనెల్ల సంతకము చేయుచున్నాడు. భూమి తనది, అడుగ వచ్చినది ఎదుటివారు, అయినను అర్జీదారుగా నిలుచున్నది తాను. ఈ విపర్యయమును గూర్చియే నేను వ్రాయదలచితిని.

కొన్ని మాసముల క్రిందట మా ప్రాంతపు రైతొకరు నన్ను తమ చేనికి తీసికొనిపోయిరి. వరి పాలుపోసుకొను సమయము. గట్టుమీద నిలిచి చూడగా, చేనికి అడ్డముగా, పసుపురంగు పూసిన రెండు గ్యాసుగొట్టపు గుర్తుస్తంభముల నడుమ, బాట వేసినట్లు పైరు జానెడు పొట్టిగా, రంగు తక్కువగా కనబడినది. ఆయన మడిలోనికి దిగి, గుప్పెడు మన్ను తీసి, నా అరచేతిలో పెట్టి, వ్రేలితో విడదీసి చూపిరి. సగము నల్లని ఒండ్రు, సగము సుద్దవలె తెల్లబారిన జిగటమన్ను. “పైమన్ను కిందకెళ్లిపోయిందండి మాస్టారూ, కిందమన్ను పైకొచ్చేసింది. పరిహారం ఒక్కసారే ఇచ్చేరు. చేను మాత్రం ఏటేటా ఇలాగే ఉంటందండి” అనిరి. ఇంటికి వచ్చిన పిదప, పట్టాదారు పాసుపుస్తకముతో కలిపి ప్లాస్టిక్ సంచిలో దాచిన కాగితములు తెచ్చి చూపిరి. అన్నియు ఆంగ్లము; ప్రతి పుట అడుగున ఆయన తెలుగు సంతకము. ఇందులో ఏమున్నదని అడుగలేదా అనగా, “ఊరందరూ పెట్టేరండి, నేనూ పెట్టేను” అని సమాధానము. మక్తా బస్తా దగ్గర అరబస్తాకు గంటసేపు వాదించు ఆ మనిషి నోట ఈ మాట వినుట నాకు మిక్కిలి కష్టముగా తోచినది.

ముందుగా గ్యాసు ఎవరిదన్న విషయము తేల్చుకొనవలెను. అమెరికాలో నేలకు యజమానియైనవాడే సాధారణముగా భూగర్భనిధికిని మొదటి యజమాని. అందుచే పెన్సిల్వేనియా రైతు గ్యాసుకంపెనీకి లీజు వ్రాసియిచ్చునపుడు సంతకమునకొక మొత్తమును, బావిమీది రాబడిలో భాగమును అడుగును. ఆ భాగము ఎనిమిదవవంతునకు తగ్గరాదని ఆ రాష్ట్రము 1979లోనే శాసించినది. బ్రిటనులో 1934 నాటి చట్టము పెట్రోలియమును రాచరికమునకు చెందినదిగా ప్రకటించినది. మన దేశమున 1948 నాటి చమురుక్షేత్రముల చట్టమును, దాని క్రింది నిబంధనలను అనుసరించి, నేలమీది త్రవ్వకమునకు కేంద్రానుమతితో రాష్ట్రప్రభుత్వము లీజునిచ్చి రాయల్టీని పుచ్చుకొనును; సముద్రగర్భమందలి సంపద రాజ్యాంగపు 297వ అధికరణము ప్రకారము కేంద్రమునకు చెందును. 2013లో కేరళ భూయజమానుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, చట్టబద్ధముగా తొలగింపబడిననే తప్ప భూగర్భఖనిజముపై హక్కు సాధారణముగా నేల యజమానినే అనుసరించునని చెప్పినది. అయినను చమురు, సహజవాయువుల లీజు మన రైతుచేతికి రాలేదు. కనుక గోదావరి రైతు గ్యాసును అమ్మలేడు. ఇక బేరమాడుటకేమున్నదని నిరాశపడువారు కలరు. ఉన్నది నేల. గ్యాసును చేరుటకు త్రోవ ఆతని పొలములోనుండియే పోవలెను. ఆ త్రోవకు పరిహారము కోరు హక్కును ఏ శాసనమును ఆతనినుండి తీసివేయలేదు.

గొట్టపుమార్గముల విషయమున 1962 నాటి చట్టము వర్తించును. ఆ చట్టము క్రింద పొలమును కొనరు. పొలము అడుగున గొట్టము వేసి ఉంచుకొను వినియోగహక్కును మాత్రమే తీసికొందురు. గెజిట్‌లో ప్రకటన వెలువడిన 21 దినములలోపల ఎవరైనను ఆక్షేపణ వ్రాసి ఇచ్చి, స్వయముగాగాని న్యాయవాది ద్వారాగాని వినిపించుకొనవచ్చును. కొట్టివేసిన చెట్లకు, నిలిచియున్న పైరుకు, పొలము రెండుగా చీలినందువలని నష్టమునకు, ఇతర ఆస్తికి కలిగిన హానికి పరిహారము లెక్కకట్టవలెను. అదిగాక ప్రకటన నాటి భూమివిలువలో 10 శాతము చెల్లింపవలెను. ఆ మొత్తము సమ్మతము కానిచో జిల్లా న్యాయాధీశుని ఆశ్రయింపవచ్చును. ఈ 10 శాతము యజమానికే కాక, ఆ భూమిని అనుభవించు హక్కునకు భంగము కలిగిన ఇతరులకును చెల్లవలెనని చట్టమే చెప్పుచున్నది. అనగా కౌలురైతు అందులో ఉన్నాడు. పరిహారపు జాబితాలో మాత్రము ఆతని పేరు తరచుగా కనబడదు, ఏలయన కౌలు నోటిమాటగానే సాగుచున్నది.

ఈ చట్టములోని వెలితిని కూడ దాచకుండ చెప్పుకొనవలెను. గొట్టము పోయిన మార్గముమీద ఇల్లు కట్టరాదు, చెరువుగాని నూయిగాని త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. వరిచేనికి ఈ నిషేధము కొంతవరకు భరింపదగినదే. కాని తాత నాటిన చెట్టు మనుమనికి కాయలిచ్చు కొబ్బరితోట నడుమ ఒక వీధివెడల్పు నేల శాశ్వతముగ బోడియైనపుడు, నేడో రేపో ఇళ్లస్థలములు కాబోవు సామర్లకోట, పెద్దాపురముల అంచుపొలములో అడ్డముగా అట్టి గీత పడినపుడు, పదియవవంతు విలువ ఏ లెక్కకు సరిపోవును? చెట్టు పెరుగని నేలకును చెట్టు పెరుగు నేలకును ఒకే నిష్పత్తి నిర్ణయించుట న్యాయముగా తోచదు.

బావుల సంగతి మరియొకటి. నాలుగు దశాబ్దములకు పైబడి ఓఎన్‌జీసీ తాటిపాక, పాశర్లపూడి, మండపేట, కేశనపల్లి, మోరి మొదలగు తావులలో గ్యాసు వెదకుచు, తీయుచు ఉన్నది. బావి త్రవ్వవలెనన్న కొన్ని ఎకరముల మాగాణిని గ్రావెలుతో ఎత్తుచేసి, బరువైన లారీలకు బాటవేసి, త్రవ్వకపు బురదకు గుంటలు తీయక తప్పదు. గ్యాసు పడనిచో యంత్రమును విప్పుకొని వెళ్లుదురు. గ్రావెలు మాత్రము రైతుకు మిగులును. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రజాప్రయోజనమునకై తాత్కాలికముగా తీసికొను సాగుభూమికి మూడేండ్ల హద్దు పెట్టినది; పరిహారము వ్రాతపూర్వకమైన ఒప్పందముతో కుదురవలెనన్నది; తిరిగి ఇచ్చునప్పటికి భూమి పూర్వపు ఉపయోగమునకు శాశ్వతముగా పనికిరాకపోయినచో, యజమాని కోరినపుడు ప్రభుత్వమే దానిని సేకరింపవలెనన్నది. ఈ మూడు మాటలు ప్రతి గ్రామసచివాలయపు గోడమీద తెలుగులో వ్రాయించినచో, ఎన్నో సంతకములు ఆలోచించిన పిదప పడియుండెడివి.

ప్రమాదమును గూర్చియు ఒప్పందములో మాట ఉండవలెను. 1995 జనవరి 8న పాశర్లపూడి బావినుండి ఎగసిన మంట 65 దినములు మండినది. ఆ వెలుగును ఎరిగిన తరము ఇంకను మన నడుమ ఉన్నది. 2014 జూన్ 27 వేకువన నగరం గ్రామమున గెయిల్ గొట్టము పేలి ఇరువదిమందికి పైగా మృతినొందిరి. గొట్టము ఎన్నేండ్లది, కడపటిసారి ఎపుడు పరీక్షించిరి, లోపము కనబడినచో ఎవరికి చెప్పవలెను అనునవి తెలిసికొను హక్కు, దానిమీద నాగలి నడుపు మనిషికి కాక మరెవరికి కలదు?

గ్యాసు దేశమునకు కావలయును. ఆ గ్యాసుతో ఎరువు తయారగుచున్నది, దీపము వెలుగుచున్నది, వంట జరుగుచున్నది. త్రవ్వకమును ఆపుడని నేననను. మన ప్రాంతము లోకహితమునకు భూమి ఇచ్చుట నేర్చినది నేడు కాదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు ఎందరి పొలములనో చీల్చుకొని పోయినవి. కాని సామర్లకోట కాలువ పోయిన పొలము ఆ కాలువనీరే త్రాగినది. పోగొట్టుకొన్నవాడును పొందినవాడును ఒక్కడే అయినాడు. గొట్టము పోయిన పొలమునకు అట్టి ప్రతిఫలము లేదు. ఈ నేలక్రింది వాయువు ఎక్కడనో మండును. మా ఊరిపొలిమేరలోనే 2400 మెగావాట్ల గ్యాసు విద్యుత్కేంద్రము నిర్మాణమై, గ్యాసు అందక నడువకనే నిలిచిపోయినది. దాని యంత్రసామగ్రిలో కొంత బంగ్లాదేశమునకు తరలిపోయినది. నిపుణుల అంచనాలే ఇట్లు తారుమారైన వ్యవహారమున, ఎన్నేండ్లకో హద్దులేని కాగితముమీద సంతకము చేయుట రైతునకు ఎంతటి సాహసము!

కావున రైతులతో నా మనవి యిది. నోటీసు వచ్చిన దినముననే ఆ గొట్టము పోవు సర్వేనంబర్లవారందరును ఒక్కచోట కూడవలెను. ఒక్కొక్కనితో వేరువేరుగా కుదిరిన ధర ఎప్పుడును తక్కువ ధరయే. పని మొదలగుటకు ముందు చెట్లను లెక్కించి, పైరునకు, బోదెలకు, గట్లకు తేదీతో ఫోటోలు తీయించి ఉంచుకొనవలెను. పైమన్ను వేరుగా తీసి, కడపట వేరుగానే పరచవలెనను షరతు వ్రాయింపవలెను. బావిస్థలమునకైనచో మక్తా ఏటేట సవరింపబడవలెను, గ్రావెలు తొలగించి పూర్వస్థితికి తెచ్చు బాధ్యతకు గడువు ఉండవలెను, పంట కోలుకొనువరకు నష్టము చెల్లింపవలెను. కౌలురైతు పేరు అదే కాగితములో ఉండవలెను.

ప్రభుత్వము చేయవలసినవి రెండు. తెలుగు భాషలో, అందరికి తెలియు మాటలలో, ఒక మాదిరి ఒప్పందపత్రమును ప్రకటించి, దానిని గ్రామసభలో చదివి వినిపించనిదే సంతకము చెల్లదని నిర్ణయింపవలెను. రెండవది రాయల్టీ విషయము. బొగ్గు, ఇనుము వంటి ఖనిజములు త్రవ్వు జిల్లాలకు 2015 నుండి జిల్లా ఖనిజనిధి ఏర్పడి, త్రవ్వకమువలన నలిగిన గ్రామములకు కొంత వెచ్చింపబడుచున్నది. ఆ నిధికి ఆధారమైన చట్టము చమురు, గ్యాసులకు వర్తింపదు. రాష్ట్రమునకు వచ్చు రాయల్టీలో ఒక భాగము బావి ఉన్న పంచాయతీకి, గొట్టము పోయిన పంచాయతీకి చేరునట్లు చేయుటకు రాష్ట్రమునకు ఎవరి అనుమతియు అక్కరలేదు, సంకల్పము చాలును.

ఆనాడు ఆ రైతింట కాగితములను నాకు తెలిసినంత తెలుగు చేసి చదివితిని. నాలుగవ పుటలో, పని ముగిసిన పిదప భూమిని యథాస్థితికి తేవలెనను వాక్యము ఉన్నది. ఆయన దానిని రెండుమార్లు చదివించుకొని, “అయితే అడగొచ్చన్నమాటండి” అనిరి. ఇన్నేండ్లు ఆ వాక్యము పాసుపుస్తకము ప్రక్కనే, ఆ ప్లాస్టిక్ సంచిలోనే ఉన్నది. ఈ వేసవిలో మక్తాబేరములకు అరుగుమీద కూడినపుడు, మన ఊళ్లలోని అట్టి సంచులన్నియు ఒక్కసారి విప్పి, చదువు వచ్చిన పిల్లలచేత గట్టిగా చదివించుడు.