డిక్కీలో డబ్బా: ఫైబర్‌గ్లాసు ఎందుకు, ఎప్పుడు?

దుబాయిలో డేరా వైపు తిరిగినవాళ్ళకి నైఫ్ కొత్త కాదు. 1939లో కట్టిన నైఫ్ కోట, 2008లో కాలిపోయి 2010లో మళ్ళీ తెరుచుకున్న నైఫ్ సూక్, ఇరుకు సందులు, ఒక్కో గదిలో అరడజను మంచాలు. అక్కడ కారు విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారికి నేను స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూసిపెడుతుంటాను. ఆ పనిమీద వెళ్ళినప్పుడల్లా మనవాళ్ళెవరో ఒకరు తగిలి అదే ప్రశ్న వేస్తారు. "సబ్‌వూఫర్‌కి డిక్కీ మూలలో ఫైబర్‌గ్లాసు డబ్బా చేయిస్తే సౌండు అదిరిపోతుందట కదా?"

నేను చెప్పేది ఒకటే. అదరడం, అదరకపోవడం డబ్బాని దేంతో చేశారన్నదాన్ని బట్టి ఉండదు. లోపల ఎన్ని లీటర్ల చోటుంది, గోడలు ఊగకుండా గట్టిగా ఉన్నాయా, ఈ రెండే ముఖ్యం.

కారణం చెప్తాను. స్పీకరు ముందుకి తోసే గాలీ, వెనక్కి తోసే గాలీ ఒకదానికొకటి వ్యతిరేకం. రెండూ కలిస్తే బేస్ రద్దయిపోతుంది. అందుకే వెనక గాలిని డబ్బాలో బంధిస్తాం. అలా బంధించిన గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. ఎడ్గర్ విల్చర్ 1954లో ఈ సంగతినే వాడుకుని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తీశాడు. తర్వాత 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ ఆ లెక్కకి సూత్రాలు కట్టారు. స్పీకరుతో వచ్చే కాగితం మీది అంకెలు వాళ్ళ చలవే.

ఉదాహరణకి మీ స్పీకరు వీఏఎస్ 50 లీటర్లు, క్యూటీఎస్ 0.45, ఎఫ్ఎస్ 28 హెర్ట్జ్ అనుకుందాం. మూసిన డబ్బాకి మనం కోరే క్యూ 0.707. దాన్ని 0.45తో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేస్తే సుమారు 1.47. యాభైని దాంతో భాగిస్తే 34 లీటర్లు. అంతే, ఎక్సెల్‌లో ఒక్క లైను. ఇదే స్పీకరుని 15 లీటర్ల రెడీమేడ్ డబ్బాలో బిగిస్తే క్యూ 0.94కి పోతుంది. అప్పుడు మృదంగమైనా, డప్పయినా ఒకేలా బుంయ్‌మంటాయి. పైగా 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే మన కారుకన్నా పొడుగు. అంత కింది స్వరాల దగ్గర మూసిన కారే ఆ శబ్దాన్ని ఊరికే పెంచి పెడుతుంది. కాబట్టి వెయ్యి వాట్లని అట్ట మీద రాసుంటే మురిసిపోకండి.

మరి ఫైబర్‌గ్లాసు దేనికి? ఆకారానికి. ఎండీఎఫ్ చెక్క తిన్నగానే ఉంటుంది, చక్రం పక్క వంకర మూలలో ఇమడదు. ఫైబర్‌గ్లాసు ఇముడుతుంది. మన కోస్తాలో జాలర్ల ఫైబర్ బోట్లకి వాడేదీ ఇలాంటి సరుకే. ముందు ఆ మూలకి టేపూ, అల్యూమినియం రేకూ అతికించి కాపాడతారు. దానిమీద గాజుపీచు మ్యాట్ పరిచి రెజిన్‌తో తడుపుతూ నాలుగైదు పొరలు వేస్తారు. గట్టిపడ్డాక ఊడదీసి, ముందు వైపు చెక్క రింగు బిగించి, మీద గుడ్డ లాగి కట్టి దానికీ రెజిన్ పూస్తారు. లోపలి చోటు తెలియాలంటే థర్మోకోల్ పూసలతో నింపి, వాటిని బకెట్లోకి ఒంపి కొలవాలి, మన ఇళ్ళలో వడ్లు కొలిచినట్టే. అందులోంచి స్పీకరు ఆక్రమించే చోటు తీసెయ్యాలి. ఈ కొలత వెయ్యని డబ్బా ఎంత నున్నగా మెరిసినా అలంకారమే.

ఇందులో మనకి అలవాటైన 'అన్‌డూ' లేదు. రెజిన్‌లో ఒకటి, రెండు శాతం హార్డెనర్ కలిపిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే గడ్డకట్టే వేగం దాదాపు రెట్టింపవుతుంది. ఆగస్టులో రేకుల షెడ్డులో చేసేవాడికి దొరికేవి కొద్ది నిమిషాలే.

అసలు నా అభ్యంతరం ఇక్కడే. పాలియెస్టర్ రెజిన్‌లోంచి వచ్చే ఘాటు వాసన స్టైరీన్‌ది. అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2018లో దాన్ని 'బహుశా కేన్సర్ కలిగించేది' అన్న వర్గంలోకి మార్చింది. ఆపైన సాన పట్టేటప్పుడు లేచే గాజు దుమ్ము. అల్ కూజ్‌లో ఒక షెడ్డులో నేను చూసిన కుర్రాడు జగిత్యాల వైపు వాడు. ముక్కుకి తుండుగుడ్డ చుట్టుకున్నాడు. వాసన రావట్లేదా అంటే, "అలవాటైతే ఏం తెల్వదన్నా" అన్నాడు. ముక్కుకి అలవాటవుతుంది నిజమే, ఊపిరితిత్తులకి కాదు. తుండుగుడ్డ దుమ్మునే సరిగా ఆపదు, ఆవిరిని అసలే ఆపదు. రసాయనాల ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ మాస్కు వేరే ఉంటుంది. ఆ మాస్కు ఇవ్వాల్సింది యజమానే, కాదనను. కానీ ఆంప్లిఫయరుకి అడిగినంతా ఇచ్చి, కూలి దగ్గర వంద దిర్హాములు బేరమాడేది మనమే కదా? ఆ వంద ఎక్కడ తెగుతుందనుకుంటున్నారు?

అందుకని నా సలహా ఇది. డిక్కీలో చోటుంటే ఎండీఎఫ్ డబ్బా చేయించుకోండి. లీటర్లు సమానంగా ఉండి, గట్టిగా బిగిస్తే రెండింటికీ తేడా మీ చెవికి తెలియదు. అయితే దాన్ని కోసేటప్పుడూ దుమ్ము మాస్కు తప్పదు. సూట్‌కేసులకీ, పిల్లల స్ట్రోలరుకీ చోటు చాలదంటే అప్పుడు ఫైబర్‌గ్లాసు సరే. కానీ డిజైను మాట్లాడేముందే షెడ్డులో గాలి ఆడుతోందా, మాస్కు ఏదీ అని అడగండి. లేదంటే మీరే కొనివ్వండి. కరామాలో ఇంటిల్లిపాదీ ఒకపూట బిర్యానీ తిన్నంత ఖర్చు. అదీ వద్దనే షెడ్డయితే పని ఇవ్వకుండా వచ్చెయ్యండి. మన పాటకి బేస్ కావాలి గానీ, అది ఇంకొకడి దగ్గు మీద నిలబడక్కర్లేదు.